చచ్చిన చెవిలో లాభం

దయ్యాల కథలు నేను చెప్పినన్ని మా సంగారెడ్డిలో ఇంకెవరూ చెప్పి ఉండరు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దారిలో తల లేని ఎద్దు తిరుగుతుందని పుట్టించింది నేనే. ఒక్కదాన్నీ నమ్మలేదు. నమ్మినవాడికి అంత హాయిగా చెప్పడం రాదు. ఇది మాత్రం నేను పుట్టించింది కాదు.

అప్పుడు నేను దవాఖానలో చప్రాసిని. గురువారం గురువారం పట్నం నుంచి చెవుల డాక్టరు వచ్చేవారు. రోగి వెనక నిలబడి, బాగాలేని చెవి దగ్గర ఉర్దూలో అంకెలు గుసగుసగా చెప్పేవారు. రోగి తిరిగి చెప్పాలి. ఆ సమయంలో మంచి చెవిలో వేలు పెట్టి, ఆగకుండా ఆడిస్తూ ఉండటం నా పని. లేకపోతే మంచి చెవి విని చచ్చిన చెవికి సాక్ష్యం చెబుతుంది.

మా బావ పటాన్‌చెరు దారిలో బస్సు నడిపేవాడు. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి ఎడమ చెవి పోయింది. వెనక బండి హారన్ కొట్టినా పక్కకు జరగడం లేదని ఎవరో ఫిర్యాదు చేశారు. దవాఖాన కాగితం తెస్తేనే బస్సు, లేకపోతే తాళంచెవి ఇచ్చేయమన్నాడు యజమాని.

మా అక్క చనిపోయి అప్పటికి రెండు నెలలు. బావ ఏడ్వలేదు. పెట్టింది తినేవాడు, చెప్పింది చేసేవాడు. చెవి పరీక్షకు కూడా అలాగే వచ్చి కూర్చున్నాడు.

ఉపాయం నాది. "బావా, సాబ్ ఎంతంటే గన్నిసార్లు నీ చెవుల వేలు గట్టిగ ఒత్తుత. లెక్కవెట్టి చెప్పు" అన్నాను.

"నీ దొంగబుద్ధి పోనియ్యవు గద" అన్నాడు. నవ్వలేదు.

డాక్టరు "తీన్" అన్నారు. మూడుసార్లు ఒత్తాను. "మూడు" అన్నాడు బావ. "పాంచ్." ఒత్తాను. "ఐదు." తర్వాత "ఏక్" అన్నారు. నేనింకా ఒత్తలేదు.

"లాభం" అన్నాడు బావ.

డాక్టరు నావైపు చూశారు. "ఒకటే సాబ్. గింజలు కొలిచేటప్పుడు మావోళ్లు ఒకటిని గట్లనే అంటరు" అన్నాను. బావ జన్మలో గింజలు కొలవలేదు. కొలిచేది అక్క. తవ్వ ఎత్తి "లాభం" అని మొదలుపెట్టేది.

డాక్టరు రెండు కొమ్ముల ఉక్కు కడ్డీని మోకాలికి కొట్టి, బావ నుదుటి మీద ఆనించారు. ఏ పక్క వినిపిస్తోందంటే కుడి పక్క అన్నాడు. గుబిలి అడ్డుపడిన చెవైతే ఆ పక్కే ఎక్కువ మోగుతుంది. మంచి పక్కకు పోయిందంటే రెండో చెవిలో నరం చచ్చినట్టే. ఎన్నోసార్లు చూశాను.

అనుమానం వచ్చి డాక్టరు నన్ను గుమ్మం దగ్గరికి పంపేశారు. తన వేలే బావ కుడి చెవిలో పెట్టి ఆడించారు. "సాత్." "ఏడు." "దో." "రెండు." "ఏక్." "లాభం." ఒక్కటీ తప్పలేదు.

చివరికి డాక్టరు ఏ అంకే చెప్పకుండా ఊరుకున్నారు. దొంగజవాబు వస్తుందేమో చూద్దామని.

బావ ఎడమకు తిరిగాడు. ఆ పక్క గోడ తప్ప ఏమీ లేదు. "ఇగ చాలు. నువ్వు పో" అన్నాడు. స్టాపు రాగానే ప్రయాణికులను దిగమన్నట్టే అన్నాడు.

ఆ తర్వాత డాక్టరు అరిచి చెప్పినా ఎడమ చెవికి ఒక్క అంకె అందలేదు. పనికిరాడని రాశారు.

బయటికి వచ్చాక తిట్టాను. "చాలని ఎందుకన్నవ్ బావా? కాగితం చేతికొస్తుండె గద!"

"ఎంతసేపని కొలుస్తదిరా? మీ అక్కకు చెయ్యి నొస్తున్నది" అన్నాడు.

ఆ పూటే పటాన్‌చెరు వెళ్లి తాళంచెవి ఇచ్చేశాడు. తర్వాత ధాన్యం మిల్లులో సంచులు కుట్టాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఊపిరి తగిలి పోల్చుకున్నాడేమో అన్నారు డాక్టరు. అయి ఉండవచ్చు. ఊపిరికి అంకెలు ఎలా తెలుస్తాయో నాకు తెలియదు, ఆయనా చెప్పలేదు. తల లేని ఎద్దును నమ్మినవాళ్లు ఈ సంగతి చెబితే నవ్వుతారు.

మా ఇంట్లో జొన్నలు ఇప్పుడు నేనే కొలుస్తాను. "ఒకటి" అని మొదలుపెడతాను. అశుభం అంటుంది మా ఇంటావిడ. అననీ.