తడిసిన లైను

ఖిదిర్‌పూర్ ఓడల డాకులో ఒకే ఒక్క ఇంగ్లీషు మాటను అటు తిప్పి ఇటు తిప్పి, ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టిన తెలుగువాణ్ణి నేను. ఆ రోజు యూనియన్ ఆఫీసు గదిలో ఇరవైమంది నాయకులు కూర్చున్నారు. నేను నోరు విప్పాను, ఇరవైమందీ పొట్టలు పట్టుకుని నవ్వారు, మా బావ పర్మినెంటు అయ్యాడు. పెళ్ళిళ్ళలోనూ, పెద్దకర్మల్లోనూ, గార్డెన్ రీచ్ బస్సులో పక్కన కూర్చున్న పాపానికి దొరికిపోయిన వాళ్ళ దగ్గరా ఈ కథ ఇలాగే చెబుతూ వచ్చాను.

ఆ మాట లైను.

ఇంగ్లీషులో తాడుకి రోప్ అని పేరుందని బళ్ళో చెప్పారు గానీ, డాకులో ఆ మాట అన్నవాడు కొత్తవాడని లెక్క. ఓడని గట్టుకి కట్టే తాడు లైను. ముందు ఓడ మీంచి ఒక సన్నతాడు విసురుతారు, చివర బరువు కట్టి. అదీ లైనే. దాన్ని పట్టుకుని లాగితే వెనకాల తొడంత లావు తాడు నీళ్ళు కారుతూ వస్తుంది. అదీ లైనే. పని దిగి వస్తే మేముండే బారు ఇళ్ళు లైను. కిరసనాయిలు కోసం డబ్బాలు పెట్టుకుని నిలబడేది లైను. ఫ్యాను ఆగిపోతే పోయింది లైను. పక్కింటి పిల్ల వంక చూస్తూ కుర్రాడు ఊరికే సైకిలు బెల్లు కొడితే వాడు వేస్తున్నదీ లైనే.

మా అమ్మకి ఇది అన్యాయంగా తోచేది. ఆవిడ శ్రీకాకుళం నుంచి మాటలన్నీ మూటకట్టి తెచ్చుకుంది. నూతిలో చేద వేసేది చేంతాడు, దూడని కట్టేది పలుపు, ఎద్దుని అదుపులో పెట్టేది పగ్గం, తాడిచెట్టు ఎక్కేవాడిది మోకు, కొట్టువాడు పొట్లానికి చుట్టేది పురికొస. ఖిదిర్‌పూర్‌లో మాకు నుయ్యి లేదు, దూడ లేదు, ఎద్దు లేదు, తాడిచెట్టూ లేదు. మాటలు మాత్రం ఉన్నాయి. వాటికి పని లేక, ఆవిడ బట్టలారేసే తాడుని ఒక రోజు పలుపనీ ఒక రోజు పగ్గమనీ పిలిచేది. నవ్వులాటకి అనుకునేవాణ్ణి. మాట పారేయడం ఇష్టం లేక అలా వాడుకునేదని ఇప్పుడనిపిస్తుంది.

బావంటే మా అక్క మొగుడు. సముద్రం ఒడ్డున వలలు లాగిన ఇంటివాడు కాబట్టి, ఓడలు కట్టే గ్యాంగులో పడ్డాడు. కానీ పిలిస్తే పని, పిలవకపోతే లేదు. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి అప్పటికి ఏడెనిమిదేళ్ళయింది. ఎవరిని పర్మినెంటు చెయ్యాలో యూనియన్ చెప్పాలి. ఆసారి చెప్పబోయే పేర్లలో బావ పేరుందని తెలిసి, అక్క పర్మినెంటయితే ఇచ్చే క్వార్టర్సుకి కొత్త చాప కూడా కొనేసింది. సరిగ్గా అప్పుడు యూనియన్ ఆఫీసు నుంచి కబురొచ్చింది, ఆదివారం పొద్దున్న రమ్మని. బావకి బెంగాలీ అంతంతమాత్రం. నేను అక్కడే పెరిగినవాణ్ణి, మాట సాయానికి వెంట వెళ్ళాను.

ఇక్కడే ఒక సంగతి ఒప్పుకోవాలి. గదిలో ఉన్నది ఇరవైమంది కాదు, నలుగురు. అందులో ఒకడు టీ తెచ్చినవాడు.

అందరూ దాదా అని పిలిచే పెద్దాయన మట్టిముంత కింద పెట్టి, బావని చూసి, "లైన్ ఛెడే దిలే కేనో?" అన్నాడు. లైను ఎందుకు వదిలేశావని. నాకు వెంటనే అర్థమైంది. పదిహేను రోజుల కిందట జోరువానలో ఒక ఓడని కడుతుంటే తాడు గ్యాంగు చేతుల్లోంచి జారిపోయి, ఓడ వెనక భాగం గట్టు నుంచి పక్కకి తిరిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ పెద్ద గోలైంది. దానికే పిలిచారన్నమాట. "ఆ రోజు లైనెందుకు ఒగ్గేసినావని అడుగుతున్నారు బావా," అన్నాను.

బావ ఒకసారి నా ముఖంలోకి చూశాడు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాచాడు. తాడు జారినప్పుడు ఒరుసుకుపోయిన చర్మం ఇంకా పూర్తిగా మానలేదు.

"నానొగ్గలేదు బాబూ. అందరూ ఒగ్గేసినా నాను పట్టుకునే ఉన్నాను. సూడండి."

అది బెంగాలీలో చెప్పాను. దాదా ఆ చేతుల వంకే చూస్తున్నాడు. నాకు ఊపొచ్చింది. ఇంకాస్త గట్టిగా వాదించాలని, బావ అనని మాట నా సొంతంగా కలిపాను. తడిసిన లైను ఎవరి చేతిలోనూ ఆగదు దాదా, లైనే పాడైపోతే మనుషుల్నని ఏం లాభం, అన్నాను.

దాదా ముఖం బిగిసింది. లైనుని పాడు చేసిందెవరని అడిగాడు, చాలా నెమ్మదిగా. నేను గ్యాంగు మేస్త్రీ పేరు చెబుదామని నోరు తెరిచేలోగా, బావ నా ముందుకొచ్చి, చేతులు ఆయన ముక్కు దాకా చాపి, "బ్రిష్టి, దాదా," అన్నాడు. వాన అని.

ముందు టీ తెచ్చినవాడు నవ్వాడు. తర్వాత మిగతావాళ్ళు. ఆఖరికి దాదా కూడా నవ్వి, చేతులకి మందు రాసుకోమని పంపేశాడు. బావ పేరు అలాగే పైకి వెళ్ళింది.

మెట్ల మీద ఆ టీ మనిషే నన్ను ఆపి చెప్పాడు, వాళ్ళడిగింది తాడు గురించి కాదని. అంతకు ముందు వారం బావ వీళ్ళకి పోటీగా ఉన్న రెండో యూనియన్ వాళ్ళ మీటింగుకి వెళ్ళి కూర్చున్నాడట. పార్టీ లైను, అంటే పార్టీ గీసిన దారి, వదిలేశావని దాదా నిలదీశాడు. మేం మోకు గురించి మాట్లాడాం. అది తెలిసేసరికి మెట్లు రెండేసి దిగి రోడ్డు మీద పడ్డాను. ఇంటికి నడిచి చేరేలోపు మాత్రం కథ మారిపోయింది. అంతా తెలిసే, కావాలనే లైనుని తాడుగా తిప్పానని అక్కకి చెప్పాను. ఆ రోజు నుంచి కథలో తెలివిగలవాణ్ణి నేను, అమాయకుడు బావ. నేను చెప్పినప్పుడల్లా అతను తల వంచుకుని నవ్వేవాడు. ఆ నవ్వు కృతజ్ఞత అనుకున్నాను.

ఇంతవరకూ రాసి, మొన్న గార్డెన్ రీచ్ వెళ్ళి బావకి చదివి వినిపించాను. నా తప్పు నేనే ఒప్పుకున్నాను గదా, మెచ్చుకుంటాడనుకున్నాను. అక్క వక్క కొరుకుతూ వింది. బావ కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"అయిపోనాదా?" అన్నాడు.

అయిందన్నాను.

"ఆ రెండో యూనియనోల్ల మీటింగులో సాయంత్రమంతా అదే మాట. ఈల్ల లైను, ఆల్ల లైను. కూకుని ఇన్నోడిని నాను. లైనంటే ఏటో నాకు తెలీదనుకున్నావేటి? నువ్వు తాడనుకున్నావు, అదీ మంచిదే అనుకుని సేతులు సూపించినాను. ఆల్లు నన్నొగ్గీబోతన్నారు. ఈలోగా నువ్వు తడిసిపోనాదన్నావు, పాడైపోనాదన్నావు. ఆల్ల సెవికి అది పార్టీని తిట్టినట్టే. మీ అక్క పిల్లల్తో ఊరెలిపోవాల్సొచ్చును. నోరు మూసుకోరా అందామంటే ఆల్లు సూస్తన్నారు. అందుకే వాన మీదకి తోసీసినాను."