నూకాలత్త తీసిన నా మొదటి ఫోటో

ముఖమల్ గుడ్డ మీద తడిబట్ట పరిచి ఇస్త్రీ చేస్తే ఒక వాసన వస్తుంది. కొంచెం దుమ్ము, కొంచెం కలరా ఉండలు, కొంచెం ఎవరివో చంటిపిల్లల పౌడరు. టాటానగర్ దగ్గర అగ్రికోలో నేను పనిచేసే ఫోటో స్టూడియోలో ఆ పని నాదే. ఆవిరి లేవగానే నాకు నూకాలత్త గుర్తొస్తుంది. ఆమె మీకు తెలియదు కాబట్టి కాస్త చెప్పాలి. మొదలుపెడితే ఒక పట్టాన ఆగను, ముందే చెప్తున్నా.

నూకాలత్త మా నాన్నకి వరసకి అక్క. సీతారాండేరాలో వాళ్ళ నాన్న పెట్టిన స్టూడియోని ఆయన పోయాక తనే నడిపింది. పెళ్ళి ఫోటోలు ఎవరైనా తీస్తారనేది. పిల్లల ఫోటోలంటేనే ఆమెకి ప్రాణం. మిగతాచోట్ల గిలక్కాయ ఊపి, చిటికెలేసి, "నవ్వు, నవ్వు" అని పిల్లల్ని ఏడిపిస్తారు. ఈవిడ నవ్వమని ఎప్పుడూ అడగలేదు. పిల్ల ఎదురుగా నేలమీద చతికిలబడి, మీ ఇంట్లో గురక ఎవరు పెడతారని అడిగేది. పిల్ల ఆలోచనలో పడగానే ఫోటో తీసేసేది.

నాకు మాత్రం ఐదేళ్ళొచ్చేదాకా ఒక్క ఫోటో లేదు. నాకంటే ముందు పుట్టిన అక్కకి మూడేళ్ళప్పుడు నూకాలత్తే ఫోటో తీసింది. వారం తిరక్కుండా అక్క జ్వరంతో పోయింది. అమ్మ దృష్టిలో జ్వరం తర్వాతి సంగతి, ముందు పడింది కెమెరా కన్ను. ఆ తర్వాత ఆ స్టూడియో ఉన్న వీధిలోకే అమ్మ వెళ్ళలేదు. ఇక నన్ను బళ్ళో వేద్దామంటే, ఫోటో లేనిదే చేర్చుకోమన్నారు వాళ్ళు.

"ఒక్క ఫోటోయే కదే పారోతీ," అన్నాడు నాన్న.

"ఆయేల కూడా ఒక్కటే కదా తీసినారు," అంది అమ్మ. నాన్న వెళ్ళి నూకాలత్తకి చెప్పొచ్చాడు.

ఆ ఆదివారం నూకాలత్త టాటానగర్‌లో మా రైల్వే క్వార్టర్ గుమ్మంలో నిలబడింది. అన్నేళ్ళ తర్వాత అదే రావడం.

"ఏటే, కుర్సీ ఎయ్యవా?"

"నువ్వొచ్చిన పనేటో నాకు తెలుసు వదినా."

"తెలిత్తే మాత్రం, నించోబెట్టి తిడతావేటి? కూకోబెట్టి తిట్టు."

అమ్మకి నవ్వు రాబోయి ఆగింది. నన్ను దగ్గరికి లాక్కుంది. "దీన్ని నా ఒళ్ళోంచి దింపను."

"దింపమని ఎవులన్నారు?"

"ఇస్కూలోళ్ళకి పిల్లొక్కర్తే ఉండాలంట."

"ఒక్కర్తే కనబడతాది. నువ్వు పట్టుకునే ఉంటావు. రా, సూపిత్తాను."

చూసి వచ్చేస్తానంతే, తియ్యనివ్వను అని చెప్పి మరీ బయల్దేరింది అమ్మ. స్టూడియో గోడకి పటం కట్టిన ఒక పాత ఫోటో ఉండేది. ఇంగ్లీషు రాణి కాలం నాటిది, కలకత్తాలో పాత సామాన్ల దుకాణంలో నూకాలత్త వాళ్ళ నాన్నకి దొరికిందట. లేసు గౌను వేసుకున్న తెల్లపిల్ల, నల్లగుడ్డ కప్పిన కుర్చీలో మూతి బిగించి కూర్చుంది. నేను దగ్గరికెళ్ళి చూసి అరిచాను.

"మమ్మీ, కుర్సీ కీ ఉంగ్లీ హై!"

కుర్చీకి వేళ్ళున్నాయన్నది నిజమే. పిల్ల నడుం దగ్గర, గుడ్డ అంచులోంచి నాలుగు వేళ్ళు కనిపిస్తున్నాయి.

"అది కుర్సీ కాదు, తల్లి," అంది నూకాలత్త. "అప్పట్లో కెమెరా నెమ్మది. పిల్ల కదిలితే బొమ్మ అలికేసినట్టు వచ్చీది. అందుకే తల్లి గుడ్డ కప్పుకుని, పిల్లని ఒళ్ళో పట్టుకుని కూకునీది."

అమ్మ చాలాసేపు చూసింది. "ఆ పిల్ల బతికిందా వదినా?"

ఇంకొకరైతే, ఆఁ, నిండు నూరేళ్ళు బతికింది అనేవాళ్ళు. నూకాలత్త అలా అనలేదు.

"తెల్దే. తల్లి మాత్రం పట్టుకున్న సెయ్యి ఒగ్గీనేదు. అదొక్కటే ఇందులో కనబడతంది."

అమ్మ బల్లమీదున్న ముఖమల్ గుడ్డ తనే తీసి తలమీంచి కప్పుకుంది. నేను ఒళ్ళో కూర్చున్నాను. నడుం చుట్టూ అమ్మ చేతులు బిగుసుకున్నాయి, గుడ్డలోంచి ఊపిరి నా మెడకి వెచ్చగా తగులుతోంది. క్లిక్‌మంది. అంతే, అయిపోయింది.

కానీ అమ్మ బయటికి రాలేదు. నా కింద ఒళ్ళు కదిలిపోతోంది. లేవబోతుంటే నూకాలత్త నన్ను ఆగమని సైగ చేసింది. "కదలకండి, ఇంకోటి తీత్తన్నా," అంది. కాసేపాగి మళ్ళీ, "ఇంకోటి." చూద్దును కదా, కెమెరాకి మూత పెట్టేసి ఉంది! చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమె కళ్ళురిమింది. గుడ్డ కింద ఏడుపు సద్దుమణిగేదాకా అలా మూతపెట్టిన కెమెరాతోనే ఫోటోలు తీస్తూ కూర్చుంది.

ఆ వారమంతా రోజూ సాయంత్రం షాపు మూసి మా ఇంటికొచ్చేది. అమ్మతో కూర్చుని చిక్కుళ్ళు వలిచేది, జడ వేస్తానని నన్ను పిలిచి మెడ మీద చెయ్యి పెట్టి చూసేది. వారం దాటిన మర్నాడు అమ్మే ముందుగా టీ పెట్టి ఆమె కోసం ఎదురుచూసింది.

పదో తరగతితో నా చదువు ఆగిపోయాక ఆమె దగ్గరే పనిలో చేరాను. ఒకసారి అడిగాను. "అప్పుడు అమ్మకి ధైర్యం సెప్పడానికేనా అత్తా రోజూ వచ్చీదానివి?"

"మీ అమ్మకేటి! నాకే బెదురు. మీ అక్క పోయిన కాణ్ణించి ఏ పిల్లకి బటన్ నొక్కినా నా సెయ్యి వణికీది."

"మరి మానీలేదేం?"

"మానేత్తే, నా కన్నే తగిలిందని ఒప్పేసుకున్నట్టు కాదేటే?"

పోయినేడు ఆమె కన్నుమూసింది, ఆ స్టూడియో మూతపడింది. ఇప్పుడు అగ్రికోలో పిల్లల ఫోటోలు నేను తీస్తున్నాను. తీసిన వారానికి ఆ తల్లికి ఫోన్ చేస్తాను. "ఫోటో మే కుఛ్ గడ్‌బడ్ హై క్యా, దీదీ?" అని కంగారుపడతారు. ఫోటో బాగానే వచ్చింది, పిల్లాడెలా ఉన్నాడు అంటాను. అన్నం ఊసేస్తున్నాడనీ, పక్కింటి పిల్ల జుట్టు పీకాడనీ చెబుతుంటారు. వెనకనుంచి వాడు గుక్కపట్టి ఏడవడం వినబడితే, అప్పటికి నా చెయ్యి కుదుటపడుతుంది.