టోకెన్ల కంప్యూటర్‌కు వేసిన తాళం

ఎబినేజర్‌కు యాభై రెండేళ్లు. కాపురం ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో. ఉద్యోగం మాత్రం జూలూరుపాడు దాటాక అడవి దారిలో ఉన్న ఒక చిన్న క్రైస్తవ మిషన్ దవాఖానాలో. ఓపీ చీటీలు, రికార్డులు అతని పని. మనిషి మంచివాడే. కాకపోతే ఏ వస్తువైనా తాను తప్ప ఇంకొకరు ముట్టుకుంటే పాడైపోతుందని గట్టి నమ్మకం. తన స్టేప్లర్‌కు దారం కట్టి బల్లకాలికి ముడేసుకున్నాడు.

ఆ దవాఖానాకు ఎవరో దాత వేలితో తాకితే పనిచేసే కంప్యూటర్ ఒకటి ఇచ్చారు. దాన్ని వరండాలో పెడితే రోగులే వివరాలు నింపి టోకెన్ తీసుకుంటారని పెద్ద సిస్టర్ జోజమ్మ అనుకుంది. పెట్టిన వారం రోజుల్లో దాని మీద టోకెన్లు తప్ప అన్నీ నడిచాయి. కాంపౌండర్ కోటేష్ క్రికెట్ స్కోరు చూశాడు. వాచ్‌మన్ పత్తి ధరలు చూశాడు. ఎబినేజర్ కూడా మధ్యాహ్నం అన్నం తిన్నాక కాసేపు పేకాట ఆడాడు గానీ, అది కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించడానికట.

"ఇక లాభం లేదు సిస్టర్. దీనికి ఒక్క పనే తెలిసేటట్టు చేస్తా" అన్నాడు శనివారం పొద్దున.

"చెయ్యండి. ఎంతసేపు పడుతుంది?" అంది జోజమ్మ. ఆమెది మధిర వైపు. మాట మెత్తన, అడుగు వేగం. చెప్పిన పని చెప్పిన నిమిషంలో కావాలి.

ఎబినేజర్ కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. ముందు తన పేరున ఉన్న ఖాతాకు కొత్త పాస్‌వర్డ్ పెట్టాడు. తర్వాత టోకెన్ అనే పేరుతో వేరే ఖాతా తెరిచాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆ ఖాతాలో టోకెన్ పేజీ ఒక్కటే తెరుచుకునేలా బిగించాడు. ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేస్తే నేరుగా ఆ పేజీయే వస్తుంది. స్టార్ట్ బటన్ లేదు, ఆటలు లేవు, పక్కకు పోయే దారి లేదు. ఐదు నిమిషాలు ఎవరూ తెరను తాకకపోతే ఒకరి వివరాలు ఇంకొకరికి కనపడకుండా పేజీ మళ్లీ మొదటికి వస్తుంది. ఆఖరున కీబోర్డు పీకి అల్మారాలో పెట్టాడు. పెళ్లిపందిరి వేసినవాడిలా నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాడు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ వానలో తడిశాడు. సోమవారానికి జ్వరం. భార్య స్తుతి మిరియాల కషాయం పట్టుకుని మంచం పక్కన కూర్చుంటే, సరిగ్గా పదింటికి ఫోన్ మోగింది. కోటేష్.

"సార్, మీ మిషన్‌కు మతిమరుపు ఉన్నట్టుంది."

"ఏందయ్యా, ఏమైంది?"

"మా తండా నుంచి బాలి యాడి వచ్చింది సార్, మా ముసలమ్మ. నడవలేదు, బెంచీ మీద కూసుంది. నేనే పేరు కొట్టిన, ఊరు కొట్టిన. ఏం బాధ అని అడిగింది మిషన్. యాడి చెప్పుడు షురూ చేసింది. పత్తి ఏరంగ నడుం పట్టిందట. ఆ చేను ఎవలదట, దాని గట్టు పంచాయితీ ఏందట... గా కథ అయ్యేసరికి తెర మళ్లా మొదటికొచ్చి పేరు చెప్పమంటది. మూడుసార్లు అయింది సార్."

"తెరలో నడుం బొమ్మ మీద వేలు పెట్టరాదయ్యా!"

"పెట్టనిస్తలేదు సార్. మొత్తం విన్నాకనే పెట్టాల్నంట."

వెనక నుంచి బాలి గొంతు ఖంగుమంది. "నా పేరు మూడుసార్లు చెప్పిన. గా డబ్బాకు చెవుడా?"

"ఎల్లుండి వచ్చి చూస్తా" అన్నాడు ఎబినేజర్. అంతలో ఫోన్ చేతులు మారింది.

"ఎల్లుండి దాకా వరండాలో జనం ఆగుతారా ఎబినేజర్ గారూ?" జోజమ్మ గొంతు. "కీబోర్డు తెప్పించాను. మీ పాస్‌వర్డ్ చెప్పండి, ఆ ఐదు నిమిషాలు పెంచుతాం."

ఎబినేజర్‌కు జ్వరం చెమట కాక వేరే చెమట పట్టింది. శనివారం కంప్యూటర్ కొత్త పాస్‌వర్డ్ అడిగిన క్షణంలోనే సిస్టర్ నాలుగోసారి తలుపులోంచి తొంగిచూసి "అయిందా?" అంది. ఆ చిరాకులో చేతికి ఏది తోస్తే అది కొట్టేశాడు.

"నేనొచ్చి కొడతా సిస్టర్..."

"జ్వరంతోనా? చెప్పండి, చీటీ మీద రాసుకుంటున్నాను."

స్తుతి చేత్తో సైగ చేసింది, చెప్పెయ్యమని. ఎబినేజర్ గొంతు సవరించుకున్నాడు.

"కోటేషూ, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ ఒక్కసారే నొక్కు. నా పేరు వస్తది. ఇప్పుడు... ఎస్, ఐ, ఎస్, టి, ఇ, ఆర్."

"సిస్టర్! బాగుంది" అంది జోజమ్మ.

"కె, యు. ఓ, పి, ఐ, కె, ఎ."

"సిస్టర్‌కు ఓపిక. ఎంత మంచి మాట! అంతేనా?"

ఎబినేజర్ గోడకున్న క్యాలెండర్ వంక చూశాడు. అక్కడ సాయం ఏమీ కనపడలేదు.

"ఇంకొంచెం ఉంది సిస్టర్. ఎల్... ఇ... డి... యు."

అవతల కీబోర్డు టకటకలాడింది. ఇవతల స్తుతి కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. కాసేపటికి కోటేష్ గొంతు, నవ్వు ఆపుకుంటూ, "తెరుచుకుంది సార్" అంది. ఏది ఎక్కడ మార్చాలో ఎబినేజర్ సన్నగా చెప్పాడు. ఐదు నిమిషాలు ముప్పై అయ్యాయి. బాలి తన గట్టు పంచాయితీ పూర్తిగా చెప్పుకుని, నాలుగోసారికి టోకెన్ పట్టుకుని లోపలికి వెళ్లింది.

జ్వరం తగ్గి గురువారం వెళ్లేటప్పుడు బస్సులో క్షమాపణ మాటలు మూడు రకాలుగా కూర్చుకున్నాడు. ఒక్కటీ పనికిరాలేదు. జోజమ్మ ఏమీ జరగనట్టే పలకరించింది.

"పాస్‌వర్డ్ మార్చాను ఎబినేజర్ గారూ."

"ఏమని సిస్టర్?"

"అవసరమైనప్పుడు పిలవండి. వచ్చి నేనే కొడతాను."

కోటేష్‌కేమైనా తెలుసేమోనని టీ ఇప్పించి, మిర్చిబజ్జీలు తినిపించి అడిగాడు. అతను రెండూ కానిచ్చి, తెలియదన్నాడు.

ఇప్పుడు కంప్యూటర్ ఏ అప్‌డేట్ అడిగినా ఎబినేజర్ సిస్టర్ గది ముందుకెళ్లి చెప్పాలి. "వస్తున్నాను" అంటుంది. వార్డు చూసుకుని, మందుల గది చూసుకుని, తీరిగ్గా వస్తుంది. అప్పటిదాకా వరండాలో నిలబడక తప్పదు. నిలబడ్డవాణ్ని జనం ఊరికే వదలరు. ఒకరు కీళ్లనొప్పి చెబుతారు, ఒకరు కోడలి సంగతి చెబుతారు. పదకొండేళ్లుగా బల్ల వెనక తలెత్తకుండా చీటీలు రాసిన మనిషి, ఇప్పుడు ఎవరిది ఏ తండానో, ఎవరి చేనుకు ఎవరి గట్టో కూడా చెప్పగలడు.