తెంపని మొలతాడు

గాజువాకలో నేను కానిస్టేబుల్‌గా చేరిన స్టేషన్‌లో, లాకప్‌లో పెట్టే మగవాళ్లను మా హెడ్డుగారే సోదా చేసేవారు. ఉరేసుకుంటారన్న భయంతో బెల్టుతోపాటు మొలతాడూ తీయించాలి. మావైపు భార్య పోయినవాడికే మొలతాడు తెంపుతారు.

ఒకసారి దొంగతనం అనుమానంతో తెచ్చిన ఆటోడ్రైవరు నడుం పట్టుకుని ఏడ్చాడు. "నా ఆడది బతికే ఉంది బాబూ, తెంపకండి."

"తెంపన్రా. ముడి ఇప్పుతాను, కదలకు," అంటూ హెడ్డుగారు ఎప్పటిలాగే స్టూలు లాక్కుని కూలబడి, చెమటకు బిగిసిన ముడితో గోళ్లు నొప్పెట్టేదాకా తంటాలుపడ్డారు. మేం ఎంత విసుక్కున్నా బ్లేడు ముట్టేవారు కాదు. వదిలేటప్పుడు మళ్లీ తనే కట్టేవారు.

హెడ్డుగారు తన భార్య దినకార్యం ముగించుకుని మళ్లీ డ్యూటీలో చేరిన రోజు, విడుదలవుతున్న ఒకడి మొలతాడు నా చేతికిచ్చారు.

"నువ్వు కట్టు నాయనా. ఇక నా సేత్తో ఒద్దు."