మామిడి బెంచీ

మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, బనగానపల్లె మామిడిని తప్ప ఇంకో చెట్టును చెట్టుగా లెక్కపెట్టేవాడు కాదు. మా తోటలో ముసలి మామిడి ఒకటి గాలివానకు కూలితే, దాని చెక్కతో పల్లెలోని చర్చికి బెంచీ చేయిస్తానని కూర్చున్నాడు. చర్చిలో మేమంతా మట్టినేల మీద చాపలేసుకుని కూర్చునేవాళ్లం. పెద్దలకు మాత్రం ఎవరో ఇచ్చిన వేపచెక్క బెంచీ ఉండేది.

"ఏమయ్యా, మామిడిచెక్కను చెదలు బతకనిస్తాయా? వేపచెక్కతోనే చేయించరాదా?" అంది మా జేజి.

"చేదు చెక్క మీద కూర్చుంటే దేవుని మాట గూడా చేదుగానే ఉంటాది. నువ్వు ఊరుకో."

మామిడి బెంచీ వెళ్లి వేప బెంచీ పక్కన చేరింది. వానలు వెనకబట్టేసరికి దాని కాళ్ల వెంట సన్నటి మట్టి చారలు పైకి పాకాయి. జేజి చూపిస్తే, నేల అలికినప్పుడు అంటుకుందన్నాడు. చెదలకు అంత మెత్తటి చెక్కను ఇంటి ముందుకు తెచ్చిపెట్టిన ధర్మాత్ముణ్ణి నేను మళ్లీ చూడలేదు.

ఒక ఆదివారం అయ్యగారు ప్రసంగం చేస్తుండగా జేజినాయన బెంచీతో సహా కిందికొచ్చేశాడు. పైకి నున్నగా కనిపిస్తున్న చెక్కలో మన్ను తప్ప ఏమీ మిగల్లేదు. పక్కన వేప బెంచీ చెక్కుచెదరలేదు. ఆ చేదు పురుగులకూ గిట్టినట్టు లేదు.

జనమంతా నవ్వాపుకుంటుంటే, ఆయన పంచె దులుపుకుంటూ లేచి జేజి వైపు తిరిగాడు.

"చూసినావా, రెండు బెంచీలుంటే పురుగులు గూడా మన మామిడినే ఏరుకున్నాయి."