తలుపుల మీద సున్నలు

తెలంగాణ వచ్చిన నాలుగో వేసవిలో నన్ను నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు ఉప గణాంక అధికారిగా బదిలీ చేశారు. మా శాఖలో అది నడిమి హోదా. పైన జిల్లా అధికారి, కింద మండలాల్లో సహాయ అధికారులు, వాళ్ల కింద ఇల్లిల్లూ తిరిగే ఇన్వెస్టిగేటర్లు. వానలెంత పడ్డాయి, పంటలెంత పండాయి, సరుకుల ధరలెట్లా ఉన్నాయి అన్నవి మేం రోజూ చూసుకునే లెక్కలు. చేరిన వారానికే నాకు ఒక కుటుంబ సర్వే అప్పగించారు. పల్లెల్లో ఎవరు మిగిలారు, ఎవరు బతుకుదెరువుకు బయటికి పోయారు, పోయినవాళ్లు ఎన్ని నెలలకొకసారి వస్తున్నారు అన్నది తేల్చాలి.

పని రెండు రోజులది. మొదటి రోజు ఎంపికైన ఊళ్లో ప్రతి ఇంటికీ వెళ్లి జాబితా రాస్తాం. ఇంటిపెద్ద పేరు, మనుషులు, పిల్లలు, వాళ్ల వయసులు, బయట ఉన్నవాళ్లు. తర్వాత ఇళ్లను రెండు వర్గాలు చేస్తాం. మనిషి బయటికి పోయిన ఇళ్లు ఒకటి, పోని ఇళ్లు ఒకటి. రెండింట్లోంచీ కొన్నింటిని లాటరీ పద్ధతిలో తీసి, మర్నాడు వాటికే వెళ్లి పెద్ద ప్రశ్నపత్రం నింపుతాం. తలుపు మీద సుద్దముక్కతో ఇంటి వరుస సంఖ్య వేయడం నిబంధన. మొదటి వర్గం ఇళ్లకు ఆ సంఖ్య చుట్టూ సున్న చుట్టడం మాత్రం నిబంధనల పుస్తకంలో లేదు. మర్నాడు వెతుక్కునే బాధ తప్పుతుందని నేను సొంతంగా పెట్టుకున్న అలవాటు అది.

సర్వే చేసిన ఊరి పేరు బయటపెట్టకూడదన్నది మా నియమం. కనుక ఇక్కడా రాయడం లేదు. ఎర్రచెలకల మధ్య చిన్న ఊరు. బోర్లు ఎండిపోయాయి. గొర్లమందలున్న నాలుగైదు కుటుంబాలు తప్ప మిగతా ఇళ్లలో కష్టం చేయగలిగిన మగవాళ్లంతా పుణె, ముంబై వైపు భవనాల పనికి పోయారు. పిల్లల బడి కోసమని ఆడవాళ్లు ఆగిపోయారు.

నాతో వచ్చిన ఇన్వెస్టిగేటర్ యాదగిరి. మోత్కూర్ దగ్గరి నేత కుటుంబం. మగ్గం గిట్టుబాటు కాక కాంట్రాక్టు ఉద్యోగంలో చేరినవాడు. ఇద్దరు బిడ్డల తండ్రి. మొదటి రోజు సర్పంచి మా వెంట తిరిగాడు. జాబితా సాఫీగా పూర్తయింది. పద్మ అనే ఆమె మాకు చల్ల కూడా ఇచ్చింది. పదో తరగతి చదివింది, ఇద్దరు చిన్నపిల్లలు, భర్త పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు.

రెండో రోజు మేం వెళ్లేసరికి పదకొండు దాటింది. సర్పంచి ఏదో పనిమీద మండలానికి పోయాడు. ఊరు ఊరంతా తలుపులు బిడాయించుకొని ఉంది.

“మేడం, ఒక్క పోరడు గూడ బయట లేడు. సెలవులల్ల గిట్లుంటదా?” అన్నాడు యాదగిరి.

నాకూ వింతగానే తోచింది. మొదటి ఇంటి తలుపు తట్టాను. లోపల ఒక పసిపిల్ల ఏడుపు మొదలై, ఎవరో నోరు మూసినట్టు ఠక్కున ఆగిపోయింది. రెండో ఇల్లు కూడా తెరవలేదు. మేం మూడో ఇంటికి మళ్లేలోపే వెనుక సందులోంచి ఆడవాళ్లు వచ్చారు. పదిమంది, ఇరవైమంది, ఇంకా వస్తూనే ఉన్నారు. కొందరి చేతుల్లో కొడవళ్లు, కొందరి చేతుల్లో రోకళ్లు. ముందు పద్మ ఉంది.

పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఆ రోజుల్లో ఫోన్లలో వీడియోలు వచ్చేవి. అధికారులు అబద్ధమని చెప్పినా ఎవరూ నమ్మలేదు. ముఠావాళ్లు ముందురోజు వచ్చి ఇళ్లకు గుర్తులు పెట్టిపోతారని ఒక మాట ఆ ఊరి ఫోన్లకు మేం వెళ్లిపోయిన సాయంత్రమే చేరిందట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

పద్మ నా సంచి పట్టుకుంది. “నిన్న నువ్వే గద అడిగినవ్, పిల్లలెంతమంది, వయసెంత, మీ ఆయన యాడున్నడు అని. అన్ని చెప్పిన. గిప్పుడు నువ్వు చెప్పు. నా తలుపు మీద గీ సున్న ఎందుకు పెట్టినవ్? పక్కింటికెందుకు లేదు?”

గుర్తింపు కార్డు తీసి చూపించాను. వెనుక నుంచి ఒక ముసలామె, “కార్డులు ఎవ్వలైనా జేపిచ్చుకుంటరు,” అంది. ఎవరో ఫోన్ ఎత్తి మమ్మల్ని వీడియో తీస్తున్నారు. అంతలో పద్మ చేతిలోని ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది. పుణె నుంచి ఆమె భర్త. మా ఫోటో అప్పటికే అతనికి చేరింది.

“ఒదలకుండ్రి వాళ్లను! వీడియోల జూసినామె గీమెనే, సంచి గూడ గదే. పిల్లలు యాడున్నరు పద్మా? మొదలు పిల్లలు యాడున్నరో చెప్పు!” అతని వెనుక ఇంకా నలుగురైదుగురు మగవాళ్లు ఒకేసారి అరుస్తున్నారు. కొట్టండి అన్న మాట స్పష్టంగా వినపడింది.

లెక్కల కోసం పెట్టిన గుర్తు అని సర్దిచెప్పవచ్చు. కానీ పద్మ నా ముఖంలోకి సూటిగా చూస్తోంది. అబద్ధం తెలిస్తే మా ఇద్దరినీ ఎవరూ కాపాడలేరనిపించింది.

“మీ ఆయన ఊళ్లె లేడని పెట్టిన. మనిషి బయటికి పోయిన ఇండ్లన్నిటికీ పెట్టిన. ఇయ్యాల మళ్ల దొరకాలని,” అన్నాను.

“అంటే మొగోడు లేని ఇండ్లకు గుర్తు పెట్టినవా?” పద్మ మెల్లగా అంది. “బజార్ల పొయ్యేటోడు ఎవడు జూసినా తెలిసేటట్టు?”

“అవును,” అన్నాను. సుద్దముక్క పట్టుకున్నన్నాళ్లూ ఆ ఆలోచన నాకు రాలేదు.

ఎవరు విసిరారో తెలియదు, రాయి వచ్చి యాదగిరి నుదుటికి తగిలింది. అతను కూలబడ్డాడు. రక్తం కంట్లోకి కారుతుంటే నా కొంగుతో అదిమాను. కొంగు రెండుసార్లు జారింది. ఇక అందరూ మీద పడతారనుకున్నాను. అప్పుడు మల్లయ్య అనే గొర్లకాపరి గుంపును తోసుకుంటూ వచ్చి, భుజం మీది కర్రను మాకూ వాళ్లకూ మధ్య అడ్డం పెట్టాడు.

“ఆగుండ్రి. జవాబు చెప్పినంక గూడ కొడ్తరా? కూసోబెట్టుండ్రి. సర్పంచికి ఫోన్ జేస్త, పోలీసోళ్లు రానీ. అబద్ధమైతే అప్పుడు చూద్దాం.”

అంగన్‌వాడీ వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టారు. అడగకముందే సంచి, ఫోన్, జాబితా కాగితాలు అన్నీ పద్మకు ఇచ్చేశాను. నింపిన కాగితాలు బయటివాళ్ల చేతికి ఇస్తే మా శాఖలో ఛార్జ్ మెమో వస్తుంది. ఆ క్షణంలో అది పట్టించుకోలేదు. ఏం రాసుకున్నానో చదవమని నేనే అన్నాను.

పద్మ గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఇంటి సంఖ్య, ఇంటిపెద్ద, పిల్లలు, బయట ఉన్నవాళ్లు. ఒకటో ఇల్లు, మొగోళ్లు బయట ఇద్దరు. రెండో ఇల్లు, ఒకరు. మూడో ఇల్లు, ముగ్గురు. ఎవరింటి సంగతి వాళ్లకు తెలిసిందే. ఊరంతా వరుసగా వినడం మాత్రం అదే మొదలు. గుంపులో గొణుగుడు తగ్గింది. రెండో కాగితం సగంలో ఉండగా ఇందాకటి ముసలామె లేచి, “ఇగ ఆపు బిడ్డా. గట్ల సదవకు. ఎవ్వలన్న ఇంటరు,” అంది.

పద్మ ఆపింది. కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. కొందరు ఆడవాళ్లు లేచి, తడిబట్టలు తెచ్చి తలుపులు తుడవసాగారు. మేం వేసిన అంకెలు, సున్నలు ఒక్కొక్కటే పోవడం కూర్చున్నచోటి నుంచే చూశాను.

గంటన్నరకు పోలీసు జీపు వచ్చింది, వెంట సర్పంచి. మా శాఖ వాళ్లతో ఫోన్లో మాట్లాడి మేం ఎవరమో నిర్ధారించారు. కానిస్టేబుల్ చేయి చాస్తే పద్మ కాగితాలు ఇవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, “మా పేర్లు ఎవ్వలకు చూపియ్యనని చెప్పు. అప్పుడే ఇస్త,” అంది. చెప్పాను. ఇచ్చింది. క్షమించమని అడగలేదు. నేనూ ఆశించలేదు.

దవాఖానాలో యాదగిరి నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. కేసు పెట్టమని ఎస్సై అడిగాడు. పెడితే పోలీసులు ఆ ఇళ్లకే మళ్లీ వెళ్తారు, వద్దనుకుందాం అని యాదగిరిని బతిమాలాను. “దెబ్బ తాకింది నాకు మేడం. ఆ సున్న మీరు పెట్టమంటెనే పెట్టిన,” అన్నాడు. ఫిర్యాదు రాయలేదు. నెల తిరక్కుండా ఉద్యోగం మానేశాడు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

సున్నల సంగతి దాచకుండా జిల్లా అధికారికి రాసి ఇచ్చాను. నాకు మెమో వచ్చింది, వివరణ ఇచ్చుకున్నాను. ఆ ఊరికి బదులు మరో ఊరిని తీసుకున్నారు. పట్టికలో మొదటి ఊరికి ఎదురుగా ‘నిరాకరణ’ అని రాయాలి, పక్కన కారణం. అంతకుముందు చాలా ఊళ్లకు నేను ‘ప్రజల్లో అవగాహన లేమి’ అని రాసేదాన్ని. ఈసారి ‘మా పనితీరు వల్ల కలిగిన భయం’ అని రాశాను. పైవాళ్లు దాన్ని కొట్టేసి పాత మాటే పెట్టారు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నేను చూసిన సర్వేల్లో తలుపు మీద వరుస సంఖ్య తప్ప మరే గుర్తూ వేయనివ్వలేదు. వర్గాలు కాగితం మీదే ఉండేవి. మొదటి రోజు ఇళ్లకు పోకముందే ఊళ్లోవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, ఏం అడుగుతామో, ఎందుకో, ఆ కాగితాలు ఎవరి చేతికి పోతాయో చెప్పించాను. దానివల్ల ప్రతి ఊరికీ సగం రోజు ఎక్కువ పట్టేది. మనిషి లేని ఇంటి వివరం మాకు ఒక అంకె. ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు అది దాచుకోవలసిన సంగతి. సర్వే చేసేవాళ్లు ఊళ్లోకి అడుగుపెట్టకముందే ఇది తెలుసుకోవాలి. నాకు ఇరవై ఆరేళ్ల సర్వీసు తర్వాత తెలిసింది.