అన్న చెవి అచ్చు

“పెట్టుకుని చూశాను బాబూ, పట్టలేదు. అన్నయ్య చెవి కొలతకి చేసింది నా చెవికెందుకు పడుతుంది?”

పిన్ని అరచేయి చాపింది. అందులో చెవి మిషన్. దాని సన్నటి గొట్టం చివర, చెవిలో దూర్చుకునే జీడిపప్పంత అచ్చు.

మా కింది వాటాలో ఉండే ఈవిడ సొంత పిన్నేం కాదు, అలా పిలవడం అలవాటైంది. మరమగ్గాల మిల్లులో ముప్పై ఏళ్లు నూలు చుట్టింది. వాళ్లన్నయ్య అక్కడే మగ్గాల మెకానిక్. ఆ చప్పుడుకి నలభై దాటకముందే ఆయన చెవులు పోయాయి. పెళ్లి సంగతి ఇద్దరూ వాయిదా వేస్తూ వేస్తూ మరిచేపోయారు. డాక్టరు దగ్గరైనా కూరగాయల బండి దగ్గరైనా ఆయన తరఫున వినేది పిన్నే. విన్నది ఆయన చెవి దగ్గర అరిచి చెప్పేది.

మిల్లు చప్పుడు మీద కార్మికులు లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టినప్పుడు మొదటి సంతకం పిన్నిదే. విచారణ ఇంకో నెల ఉందనగా కంపెనీ శిబిరం పెట్టింది. చెవుల్లో మైనంలాంటి ముద్ద నింపి అచ్చులు తీయించి, అందరికీ మిషన్లు పంచింది. పెద్ద బ్యానరు ముందు వరసగా నిలబెట్టి ఫోటోలు కూడా తీయించింది.

అన్నయ్య మిషన్ పెట్టుకునే ఇంటికొచ్చాడు. కుళాయి విప్పి విన్నాడు, కట్టి విన్నాడు. తలుపు గడియ పదిసార్లు వేసి తీశాడు. అలవాటుకొద్దీ పిన్ని అన్నానికి రమ్మని అరిస్తే ఉలిక్కిపడి నవ్వాడు.

“నీ గొంతు ఇంత కటువా చెల్లీ? ఇన్నేళ్లూ తెలియక హాయిగా బతికాను” అన్నాడట.

పిన్నీ నవ్వింది. మర్నాడు పొద్దున మాత్రం, వాళ్లు దయతలచి ఇచ్చింది కాదని, మన నోళ్లు మూయించడానికే ఇచ్చారని, అది పెట్టుకుని తిరిగితే తన సంతకానికి విలువేముంటుందని నిలదీసింది. ఆయన వాదించలేదు. తీసి డబ్బాలో పెట్టేశాడు. ఆ తర్వాత బతికిన మూడేళ్లూ మళ్లీ ముట్టుకోలేదు.

విచారణ ఏమైందని అడిగాను. చెవుల్లో పెట్టుకోవడానికి మంచి బిరడాలివ్వమని కంపెనీకి చెప్పి సరిపెట్టారట. మిషన్లు పెట్టుకుని వెళ్లినవాళ్లు అధికారి అడిగింది విని, తమ గోడు తామే చెప్పుకున్నారు. అన్నయ్య మాత్రం సాయంత్రం దాకా పిన్ని మొహంకేసి చూస్తూ కూర్చున్నాడు.

కంపెనీది మంచి ఉద్దేశం కాదన్నది నిజమే కదా అన్నాను, ఊరడింపుగా.

“నిజమే. ఇప్పటికీ అదే అంటాను. వాళ్ల బుద్ధిని భూతద్దం పెట్టి చూశాను బాబూ, నా బుద్ధిని చూసుకోలేదు. గొంతు కటువన్నాడని మనసులో పెట్టుకున్నానేమో. ఇక నాతో పనుండదని భయపడ్డానేమో. ఎవరు ఎందుకిచ్చినా, కుళాయి చప్పుడు ఆయనకి వినపడింది కదా.”

పిన్ని మిషన్‌ని మెత్తటి గుడ్డలో చుట్టింది. మిల్లులో తన పక్కనే పనిచేసిన స్నేహితురాలికి ఇప్పుడు వినపడటం లేదట. మిషన్ బాగానే ఉందని, కొత్త అచ్చు తీసి తగిలిస్తే ఆవిడకి పనికొస్తుందని ఆస్పత్రిలో చెప్పారట.

“రేపు ఆవిడ ఇంటివైపే పోతావుగా, ఇచ్చిరా. ఎవరిచ్చారంటే కంపెనీ ఇచ్చిందనే చెప్పు, నా పేరొద్దు. ఆ పాత అచ్చు మాత్రం పారేయనివ్వకు. నాకు తెచ్చిపెట్టు.”